లారీ తిరగని రోడ్డు, పాత చెట్ల నీడ: శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సైకిల్ దారి ఎంచుకోవడం ఎలా?

చలికాలం మొదలయ్యేసరికి అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ప్రశాంతంగా సైకిల్ తొక్కుకునే దారి ఏదైనా చెప్పండి." దారి పేరు ఒక్కటి చెప్పి ఊరుకుంటే లాభం లేదు. పోయిన ఏడాది పిట్టల అరుపులు తప్ప ఏమీ వినిపించని రోడ్డు మీద ఈ ఏడాది ఇసుక బళ్లు తిరుగుతుండవచ్చు. అందుకే కొన్ని దారులతో పాటు, దారిని మీరే ఎంచుకునే పద్ధతి కూడా చెబుతున్నాను.

నేను నమ్మే సూత్రం చిన్నది. రోజుకు రెండు మూడు సార్లు ఆర్టీసీ బస్సు వెళ్లే రోడ్డు కావాలి, లారీ వెళ్లని రోడ్డు కావాలి. బస్సు వెళ్తోందంటే తారు ఉంటుంది, మధ్యలో టీ దుకాణం ఉంటుంది, కాళ్లు మొరాయిస్తే ఆటో దొరుకుతుంది. లారీ లేదంటే దుమ్ము లేదు, హారన్ లేదు, వెనక నుంచి ఏదో మీదికి వస్తోందన్న భయం లేదు. కింద చెప్పేదంతా ఇలాంటి రోడ్డును పట్టుకోవడం గురించే.

కావలసినవి

సైకిలు. గేర్లు ఉంటే మంచిదే. లేకపోయినా కింద చెప్పిన మొదటి రెండు దారులకు సరిపోతుంది. టైరు వెడల్పు 28 నుంచి 35 మిల్లీమీటర్ల మధ్య ఉంటే పల్లె రోడ్ల గోతులను తట్టుకుంటుంది. 23 మిల్లీమీటర్ల సన్న టైర్లు హైవేకు బాగుంటాయి కానీ ఇక్కడ రిమ్ము దెబ్బతింటుంది. 32 మిల్లీమీటర్ల టైరుకు, 65-70 కిలోల మనిషికి 55 నుంచి 65 పీఎస్‌ఐ గాలి చాలు. టైరు పక్కన ముద్రించిన గరిష్ఠ అంకెను మాత్రం దాటకండి.

పంక్చరు సామాను. రెండు ట్యూబులు, రెండు టైరు లీవర్లు, ప్యాచ్‌లు, చిన్న చేతిపంపు, అలెన్ కీల కట్ట. మీ ట్యూబుకు సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే చిన్న ఇత్తడి అడాప్టర్ కూడా తప్పనిసరి. ఊళ్లలో పంక్చరు షాపు కంప్రెసర్ మోటారు సైకిల్ వాల్వుకే సరిపోతుంది. అడాప్టర్ లేక, పక్కనే గాలి మిషన్ ఉన్నా సైకిల్ నడిపించుకుంటూ వెళ్లేవారు చాలామంది.

నీళ్లు, తిండి. చలికాలంలో గంటకు అరలీటరు, ఎండాకాలంలో ముప్పావు లీటరు లెక్కన నీళ్లు తీసుకెళ్లండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు ఉంచుకోండి. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లలో కలపమని ఉందో అన్ని నీళ్లలోనే కలపాలి. చిక్కగా కలిపితే దాహం పెరుగుతుంది, కడుపు తిప్పుతుంది. అరటిపళ్లు, పల్లీ చిక్కీ, బెల్లం ముక్క సరిపోతాయి.

ఇంకా: హెల్మెట్, వెనక ఎర్ర లైటు, గంట, చిల్లర డబ్బులు, గుర్తింపు కార్డు, ఫోనులో ఇంటర్నెట్ లేకుండా తెరుచుకునే మ్యాపు. దారిలోని ఊళ్ల పేర్లు వరుసగా ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కొండ పక్కన సిగ్నల్ పోయినప్పుడు ఆ కాగితమే దారి చూపిస్తుంది.

1. కాలం, రోజు చూసుకోండి

నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరి వరకు మంచి కాలం. అక్టోబరులో పచ్చదనం ఇంకా ఎక్కువే కానీ అది తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. వాతావరణ హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. తుపాను వెళ్లిపోయాక కూడా వారం పది రోజులు కూలిన కొమ్మలు, తెగిన తీగలు, కోసుకుపోయిన రోడ్లు ఉంటాయి. మార్చి నుంచి జూన్ దాకా తొక్కాలనుకుంటే తెల్లవారగానే బయలుదేరి తొమ్మిదిన్నరకల్లా ఇల్లు చేరేలా చిన్న దారి పెట్టుకోండి.

పండుగలనూ చూసుకోవాలి. అరసవల్లిలో ఆదివారాలు, ముఖ్యంగా మాఘమాసపు ఆదివారాలు, రథసప్తమి రోజున రోడ్డు జనంతో నిండిపోతుంది. శివరాత్రికి శ్రీముఖలింగం, పుణ్యగిరి వైపు వెళ్లకండి. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు విజయనగరం చుట్టుపక్కల రోడ్లన్నీ రద్దీగా ఉంటాయి. ఆ ఉత్సవానికి ఏటా ఒక చింతచెట్టును ఎంపిక చేసి, పూజ చేసి, ఊరేగింపుగా తీసుకొస్తారు. ఇక్కడి ఊళ్లకు పెద్ద చెట్టంటే ఎంత గౌరవమో తెలియాలంటే ఆ తంతు ఒకసారి చూడాలి, కానీ సైకిల్ ఇంట్లో పెట్టి వెళ్లండి.

2. మ్యాపులో ముందుగా వద్దనుకున్నవి కొట్టేయండి

మంచి రోడ్డును వెతకడం కంటే చెడ్డ రోడ్లను తీసేయడం సులువు. మొదట 16వ నంబరు జాతీయ రహదారిని తీసేయండి. భోగాపురం, రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం దాకా వెళ్లేది అదే. తర్వాత విజయనగరం నుంచి రామభద్రపురం, సాలూరు మీదుగా ఒడిశా వెళ్లే 26వ నంబరు రహదారి. ఆ తర్వాత పరిశ్రమల రోడ్లు: పైడిభీమవరం చుట్టూ మందుల కర్మాగారాలు, గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్. టెక్కలి పరిసరాల్లో గ్రానైట్ క్వారీలున్నాయి, రాళ్ల లారీలు వెళ్లే రోడ్డు సైకిలుకు పనికిరాదు. నాగావళి, వంశధార ఒడ్డున ఇసుక తవ్వే చోట్లకు వెళ్లే దారులూ అంతే. ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి అరకు వెళ్లే ఘాట్ రోడ్డు అందమైనదే, అయితే డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో పర్యాటకుల కార్లు ఒకదాని వెనక ఒకటి వస్తుంటాయి. ఆ రోజుల్లో వద్దు.

ఇవన్నీ పోగా మిగిలిన సన్న గీతల్ని ఊరి నుంచి ఊరికి కలుపుకుంటూ రండి. హైవేను అడ్డంగా దాటడం తప్పకపోతే అండర్‌పాస్ ఉన్న చోట దాటేలా గీసుకోండి.

3. మ్యాపులోని ఆకుపచ్చ రంగును నమ్మకండి

మ్యాపులో పచ్చగా కనిపించినదల్లా అడవి కాదు. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో అది జీడితోట కావచ్చు, కొబ్బరితోట కావచ్చు. సముద్రం పక్కన సరుగుడు తోట, లోపలికి వస్తే జామాయిల్ తోట. వాటిలో నీడ ఉంటుంది కానీ పాత అడవిలో ఉండే చల్లదనం, పిట్టల సందడి ఉండవు.

తేడా తెలుసుకోవడానికి మ్యాపును ఉపగ్రహ చిత్రంలోకి మార్చి బాగా దగ్గరగా చూడండి. చెట్లు వరుసలుగా కనిపిస్తే తోట. ఎత్తుపల్లాలుగా, చిన్నా పెద్దా తలలు కలిసిపోయి, వాగు వెంట ముదురు రంగులో కనిపిస్తే అడవి. అక్కడికి వెళ్లాక గుర్తులు వేరు. మద్ది, తాని, తుమికి, ఇప్ప, ఏగిస ఒకే చోట కలిసి ఉండాలి. తొడ లావు అడ్డతీగలు చెట్ల మీదికి పాకి ఉంటే ఆ అడవిని చాలాకాలంగా ఎవరూ పూర్తిగా నరకలేదని అర్థం. విస్తర్లు కుట్టే అడ్డాకు ఆ తీగదే.

అడవి దాకా వెళ్లలేనివారికి ఇంకో మార్గం ఉంది. గ్రామదేవత గుళ్ల చుట్టూ ఉండే తోపులు, చెరువుగట్ల మీది మర్రి, రావి, చింత చెట్లు చూడండి. చుట్టూ పొలమంతా మారిపోయినా అమ్మవారి చెట్టును ఎవరూ ముట్టుకోరు. మైదానంలో పాత చెట్లు మిగిలింది ఎక్కువగా ఇలాంటి చోట్లే. ఇవి మ్యాపులో కనిపించవు. అడిగితేనే తెలుస్తాయి.

4. అడగవలసిన ప్రశ్న సరిగ్గా అడగండి

"ఈ రోడ్డు బాగుంటుందా?" అని అడిగితే ఎవరైనా "బాగుంటుంది" అనే అంటారు. మంచి మనసుతోనే అంటారు, కానీ మీకు పనికొచ్చే సమాధానం కాదది. ఇలా అడగండి: "బస్సు ఎన్నింటికి వస్తుందండీ?" "ఇసుక బళ్లు, క్వారీ బళ్లు తిరుగుతాయా?" "వంతెన దగ్గర నీళ్లు ఉన్నాయా?" "సంత ఏ రోజు?" టీ దుకాణంలో, ఆటోస్టాండులో, పాలకేంద్రం దగ్గర అడిగితే నిమిషంలో తేలిపోతుంది. ఇద్దరిని అడగండి. ఇద్దరి మాటా ఒకటైతే వెళ్లండి.

అడవి వైపు వెళ్లేటప్పుడు అదనంగా ఇంకొకటి: "ఈ మధ్య ఎలుగుబంటి గానీ ఏనుగులు గానీ కనిపించాయా?" మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఎలుగుబంట్లు తోటల్లోకి రావడం, మనుషుల మీద పడడం జరుగుతోంది. ఒడిశా నుంచి వచ్చిన ఏనుగులు సీతంపేట, కొమరాడ వైపు తిరుగుతున్నాయి. 2022 ఏప్రిల్ నుంచి సీతంపేట, పాలకొండ, కొమరాడ పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నాయి. పాత సమాచారం చూసి శ్రీకాకుళం అటవీ అధికారులకు ఫోన్ చేస్తే అక్కడి సంగతి తెలియదు. అటు వెళ్లేటప్పుడు మన్యం జిల్లా వారినే అడగాలి.

5. గాలి, వెలుతురు లెక్క వేయండి

గేర్లు లేని సైకిలు మీద గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు, గేర్లతో 18 నుంచి 20 అనుకోండి. ఆగడాలకు మూడో వంతు సమయం కలపండి. 60 కిలోమీటర్లు గంటకు 15 చొప్పున నాలుగు గంటలు, ఆగడాలతో కలిపి ఐదున్నర గంటలు. ఆరున్నరకు బయలుదేరితే మధ్యాహ్నం పన్నెండు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడని గుర్తుంచుకోండి. హైదరాబాద్ అలవాటుతో లెక్క వేస్తే చీకట్లో చిక్కుకుంటారు.

గాలికి నియమం ఒకటే: ఎదురుగాలి తప్పకపోతే అది వెళ్లేటప్పుడే ఉండాలి, వచ్చేటప్పుడు వెనకగాలి కావాలి. చలికాలంలో తెల్లవారుజామున నేల వైపు నుంచి సముద్రం వైపు సన్నగా వీస్తుంది, పొద్దెక్కాక ఈశాన్యం నుంచీ సముద్రం నుంచీ వస్తుంది. కాబట్టి శ్రీకాకుళం నుంచి కళింగపట్నం ఉదయాన్నే వెళ్లి పదకొండుకు వెనక్కి తిరిగితే రెండు వైపులా హాయి. మార్చి తర్వాత నైరుతి గాలి బలపడుతుంది. అప్పుడు ఇదే దారిలో తిరుగు ప్రయాణమంతా ముఖం మీద కొడుతుంది.

6. బయలుదేరే ముందు రోజు రాత్రి

చక్రాన్ని చేత్తో తిప్పి బ్రేకు రాపిడి లేదని చూడండి. బ్రేకు లివర్ సగం నొక్కగానే చక్రం ఆగాలి. చైనుకు నూనె వేసి, పైన మిగిలినది గుడ్డతో తుడవండి, లేకపోతే దుమ్మంతా అక్కడే పట్టుకుంటుంది. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద ఉంచి కిందకు తెచ్చినప్పుడు కాలు నిటారుగా రావాలి. మోకాళ్ల నొప్పి అనేవారిలో ఎక్కువమందికి సీటు తక్కువ ఎత్తులో ఉంటుంది. ఇప్పుడే సరిచేసుకోండి.

7. దారిలో

నవంబరు చివర నుంచి సంక్రాంతి దాకా రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. ఈ జిల్లాల్లో సైకిలుకు అసలైన ప్రమాదం ఇదే. ధాన్యం మీద చక్రం జారుతుంది. వరిగడ్డి గేర్లలో చుట్టుకుంటే వెనక డిరెయిలర్ (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చే భాగం) విరిగిపోతుంది. రాశి చుట్టూ, టార్పాలిన్ అంచుల మీద పెద్ద రాళ్లు పెడతారు, చీకట్లో అవి కనిపించవు. తెల్లవారకముందే తొక్కవద్దని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. ధాన్యం ఉన్న చోట వేగం తగ్గించి ఖాళీ ఉన్న పక్క నుంచి వెళ్లండి. రోడ్డంతా పరిచి ఉంటే దిగి, అంచు వెంట సైకిల్ నడిపించండి. అది ఒక కుటుంబం ఏడాదంతా పడిన కష్టం, దాని మీదుగా తొక్కుకుపోకూడదు.

పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు రోడ్డు అంచునే ఉంటాయి. బండికి దారి ఇవ్వాలని మట్టిలోకి దిగకండి, వీలైతే తారు అంచు మీదే ఆగండి. పంక్చరైతే కొత్త ట్యూబు వేసే ముందు టైరు లోపలంతా వేలితో నెమ్మదిగా తడమండి. ముల్లు టైరులోనే ఉండిపోయి రెండో ట్యూబు కూడా పోవడం అందరికీ జరిగే పొరపాటు. ట్యూబులో రంధ్రం ఎక్కడుందో చూసి, వాల్వు దగ్గర నుంచి కొలిస్తే టైరులో ముల్లు ఎక్కడుందో దొరుకుతుంది.

రైలు గేటు దగ్గర పట్టాలను ఏటవాలుగా దాటకండి, చక్రం పట్టా సందులో ఇరుక్కుంటుంది. పట్టాలకు అడ్డంగా నేరుగా దాటండి, తడిగా ఉంటే దిగండి.

కుక్కలు వెంటపడితే వేగం పెంచకండి. దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య ఉంచి నడవండి. చాలావరకు ఊరి పొలిమేర దాటగానే ఆగిపోతాయి.

కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే చీలమండ లోతైనా దాటవద్దు. నాగావళి, వంశధార రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవి. ఇక్కడ చినుకు పడకపోయినా అక్కడ కురిసిన వాన ఇక్కడ వరదగా వస్తుంది. వెనక్కి తిరగండి.

8. చెట్ల దగ్గర, అడవిలో

అమ్మవారి తోపులోకి వెళ్తే చెప్పులు, బూట్లు బయట విడవండి. సైకిలును గద్దెకు, చెట్టు మొదలుకు ఆనించకండి. కొమ్మ విరవడం, రాలిన కాయలు ఏరుకోవడం కూడా వద్దు. కొన్ని ఊళ్లలో వాటికి నియమాలుంటాయి, ఎవరైనా పెద్దవారిని అడిగి లోపలికి వెళ్లండి.

రిజర్వు అడవిలో తారు రోడ్డు దిగకండి. లోపలి బాటల్లోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు రాలుతుంది. దాన్ని ఏరుకోవడానికి మనుషులు తెల్లవారుజామునే వస్తారు, ఎలుగుబంట్లూ వస్తాయి. ఆ రోజుల్లో పూర్తిగా తెల్లవారాకే అడవి రోడ్డు ఎక్కండి, మలుపుల్లో గంట కొడుతూ ఉండండి. చెవిలో పాటలు వద్దు. ఎండుటాకుల కాలంలో అగ్గిపుల్ల గీయకండి. ఎవరికైనా గాయమైతే 108, మరే ఆపదైనా 112.

మొదలుపెట్టడానికి దారులు

మొదటిసారి వెళ్లేవారికి విజయనగరం, నెల్లిమర్ల, రామతీర్థం. ఒక వైపు సుమారు 12 కిలోమీటర్లు, గేర్లు అక్కర్లేదు. నెల్లిమర్ల దాటాక రాతికొండలు మొదలవుతాయి. బోధికొండ, గురుభక్తులకొండ మీద బౌద్ధ, జైన అవశేషాలున్నాయి. సైకిల్ కింద పెట్టి నడిచి ఎక్కాలి.

రెండోది నాకు అన్నిటికంటే ఇష్టమైనది: శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం, గార, శాలిహుండం, కళింగపట్నం. వెళ్లి రావడానికి 60 కిలోమీటర్లకు అటూ ఇటూ అవుతుంది. ఎత్తుపల్లాలు దాదాపు లేవు. శ్రీకూర్మంలో కూర్మనాథుని ఆలయం చూసి, ఫలహారం చేసి, పొలాల మధ్య నుంచి శాలిహుండం చేరుకోండి. కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, కింద వంశధార. కొండ పైన నీళ్లు దొరుకుతాయని లెక్కపెట్టుకోకండి, సీసాలు కిందే నింపుకోండి. కళింగపట్నంలో లైట్‌హౌస్ దాటి ఇసుకలోకి సైకిల్ తీసుకెళ్లవద్దు. ఇసుక, ఉప్పుగాలి కలిసి చైనును వారంలో తుప్పు పట్టిస్తాయి.

అడవి కావాలంటే విజయనగరం నుంచి గంట్యాడ మీదుగా తాటిపూడి. గోస్తని నది మీద కట్టిన జలాశయం అది. నీళ్ల అవతల తూర్పు కనుమల అడవి కనిపిస్తుంది. గేర్లుండి, ఒంట్లో శక్తి మిగిలితే ఎస్.కోట వైపు సాగి పుణ్యగిరి వెళ్లండి. చివరి భాగమంతా కొండ ఎక్కాలి. కొండ మీది నుంచి ఏడాది పొడవునా జారే ధార, దాని చుట్టూ దట్టమైన చెట్లు. ఈ దారిలో మొదటిసారే పుణ్యగిరి దాకా అనుకోకండి, తాటిపూడి నుంచి వెనక్కి రావడంలో తప్పేమీ లేదు.

పక్షులంటే ఇష్టమున్నవారికి టెక్కలి నుంచి తేలినీలాపురం చిన్న ప్రయాణం. సెప్టెంబరు నుంచి మార్చి దాకా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లోని చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. గంట కొట్టకండి, గూళ్ల కింద నిలబడకండి.

మందస వైపు మహేంద్రగిరి పాదాల దగ్గరి రోడ్లు అనుభవం వచ్చాక, కనీసం ఇద్దరు ముగ్గురు కలిసి, ఎండ వచ్చాకే.

దారి కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

మొదటిసారి వెళ్లి వచ్చిన వెంటనే, స్నానానికి ముందే, మూడు విషయాలు రాసుకోండి. ఒక గంటలో ఎన్ని లారీలు ఎదురయ్యాయి? ఐదు దాటితే ఆ ముక్కను మార్చాలి. నీళ్లు అయిపోయిన చోటికీ మళ్లీ దొరికిన చోటికీ ఎంత దూరం? పది కిలోమీటర్లకు మించితే వచ్చేసారి ఇంకో సీసా. చివరి ఐదు కిలోమీటర్లు మాట్లాడుతూ తొక్కగలిగారా? లేకపోతే దూరం తగ్గించండి, వేగం కాదు.

మర్నాడు ఉదయం టైర్లు నొక్కి చూడండి. ఒకటి మెత్తబడి ఉంటే లోపల సన్న ముల్లు ఉన్నట్టే, ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూడండి. సముద్రం వైపు వెళ్లి వస్తే ఆ రోజే సైకిలును మంచినీళ్లతో కడిగి, ఆరాక చైనుకు నూనె వేయండి. అదే దారిలో రెండోసారి, ఈసారి వారం మధ్యలో వెళ్లండి. ఆదివారం ఖాళీగా ఉండే క్వారీ రోడ్డు బుధవారం ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది.